రెండో చిట్టాలో పద్దు పడేదాకా

“మేడమ్, నిన్నటి నుంచి స్టిక్కరు ఆలోచించి ఆలోచించి వస్తోంది.”

రెండో రిజిస్ట్రేషన్ కౌంటరులో కూర్చునే అక్క ఒక మంగళవారం ఉదయం ఏడు కొట్టకముందే ఫోను చేసి చెప్పిన మాట ఇది. నేను విజయవాడలో ఒక రక్తపరీక్షల కేంద్రానికి సర్వర్లు చూసుకుంటాను. అంతకు రెండు రోజుల ముందు, ఆదివారం రాత్రి అందరూ వెళ్లిపోయాక, ప్రధాన డేటాబేస్ నడిచే వర్చువల్ మెషిన్‌కు, అంటే అసలు పెట్టె లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టిన సర్వరుకు, ఫాల్ట్ టాలరెన్స్ ఆన్ చేశాను. ఒకే సర్వరు రెండు పెట్టెల మీద ఒకేసారి బతికే ఏర్పాటు అది. ఒక పెట్టె కాలిపోయినా రెండోది ఆగిన చోటునుంచే పని అందుకుంటుంది. కౌంటరులో ఉన్నవాళ్లకు ఏదో జరిగిందని కూడా తెలియదు.

సోమవారమంతా గ్రాఫుల ముందే కూర్చున్నాను. ప్రాసెసర్ వాడకం పెరగలేదు సరికదా, కాస్త తగ్గింది. రెండు పెట్టెల మధ్య ప్రత్యేకంగా వేయించిన 10 గిగాబిట్ లైను సగం కూడా నిండలేదు. ఇక దిగులు లేదనుకుని ఇంటికి వెళ్లాను. అందుకే అక్కకు నేనిచ్చిన మొదటి జవాబు “ప్రింటరు ఒకసారి ఆపి పెట్టండి అక్కా” అని. ఆమె ఆపి పెట్టింది. ఏమీ మారలేదు. అప్పుడు లేచి వెళ్లి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాను.

రక్తపరీక్షల కేంద్రంలో ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిది వరకు గడిచే సమయం మిగతా రోజు లాంటిది కాదు. వచ్చేవాళ్లలో చాలామంది పరగడుపున వస్తారు. మధుమేహం ఉన్న పెద్దవాళ్లు, ఆటో దిగి గోడ పట్టుకుని నడిచి వచ్చేవాళ్లు, టిఫిను డబ్బా సంచీలో పెట్టుకుని ఎప్పుడు తిందామా అని చూసేవాళ్లు. అక్క పేరు, వయసు కొట్టి, డాక్టరు చీటీ చూసి పరీక్షలు ఎంచుకుని బటన్ నొక్కుతుంది. స్టిక్కర్లు వస్తాయి: ఊదా మూత ట్యూబుకు ఒకటి, ఎర్ర మూతకు ఒకటి, చక్కెర పరీక్షకు వాడే బూడిద రంగు మూతకు ఒకటి. అవి చేతికి వస్తేనే రోగి రక్తం తీసే గదిలోకి వెళ్లగలడు. మామూలుగా ఆమె బటన్ నొక్కిన చేయి ప్రింటరు దగ్గరికి వెళ్లేసరికి స్టిక్కరు సిద్ధంగా ఉంటుంది. ఆ రోజు చేయి వెళ్లి, అక్కడ ఆగి, వేళ్లు ప్రింటరు మీద రెండు మూడు సార్లు తట్టి, అప్పుడు స్టిక్కరు అందుకుంది. ప్రతి రోగికీ అంతే.

ఫాల్ట్ టాలరెన్స్ మీద నేను చదివినదంతా శాతాల్లో ఉంటుంది. ఇంత శాతం ప్రాసెసర్, ఇంత శాతం మెమరీ. ప్రింటరును తట్టే ఆ వేళ్ల లెక్క ఏ శాతంలోనూ లేదు.

ఇది ఎందుకు జరుగుతుందో చెప్పడానికి మా తాతయ్య కొట్టు గుర్తుకు తెచ్చుకుంటాను. తెనాలిలో బియ్యం వ్యాపారం. ఆయన దగ్గర రెండు చిట్టాలు ఉండేవి. ఒకటి ఆయన రాసేది, రెండోది గుమస్తా పక్కన కూర్చుని రాసేది. నిప్పు తగిలినా, వాన నీళ్లు పడినా ఒకటి మిగలాలని. ఆయన పెట్టిన నియమం ఒకటే: రెండో చిట్టాలో పద్దు పడేదాకా రశీదు కొనేవాడి చేతికి ఇవ్వకూడదు. లోపల ఎంతైనా రాసుకోవచ్చు, కొట్టివేయవచ్చు, తూకం మళ్లీ వేయవచ్చు. గడప దాటి బయటికి వెళ్లే కాగితానికి మాత్రం రెండు చోట్లా ఆధారం ఉండాలి. లేకపోతే మొదటి చిట్టా కాలిపోయిన రోజు, కొనేవాడి చేతిలో ఉన్న రశీదుకు కొట్టులో దిక్కు ఉండదు.

ఫాల్ట్ టాలరెన్స్ ఉన్న వర్చువల్ మెషిన్‌ది అచ్చంగా ఇదే నియమం. వర్చువల్ మెషిన్ల సాఫ్ట్‌వేర్ చేసే వీఎంవేర్ కంపెనీలో పనిచేసిన స్కేల్స్, నెల్సన్, వెంకిటాచలం 2010లో రాసిన పత్రంలో దీన్ని అవుట్‌పుట్ రూల్ అన్నారు. మొదటి మెషిన్ బయటికి పంపబోయే ప్యాకెట్‌కు, అంటే నెట్‌వర్క్ మీద వెళ్లే సమాచారపు పొట్లానికి, కారణమైన సమాచారమంతా రెండో మెషిన్‌కు చేరి, చేరినట్టు కబురు తిరిగి వచ్చేదాకా ఆ ప్యాకెట్‌ను పట్టి ఉంచాలి. మెషిన్ పని ఆగదు, లోపల లెక్కలు సాగుతూనే ఉంటాయి. గడప దగ్గర మాత్రం ప్యాకెట్ నిలబడి ఉంటుంది.

రెండో మెషిన్‌కు సమాచారం అందించే పద్ధతులు ప్రధానంగా రెండు. మొదటిది ఎక్కాలు అప్పజెప్పించినట్టు ఉంటుంది. ప్రాసెసర్ తనంతట తాను చేసే లెక్క ఎక్కడైనా ఒకేలా వస్తుంది. కాబట్టి తేడా తెచ్చే వాటిని మాత్రమే, అంటే బయటినుంచి వచ్చిన ప్యాకెట్లు, గడియారం చూసిన సమయాలు, ఇంటరప్ట్ (ప్రాసెసర్‌ను మధ్యలో ఆపి పిలిచే సంకేతం) సరిగ్గా ప్రోగ్రాములోని ఏ సూచన దగ్గర తగిలిందన్న వివరం, వీటిని రాసి పంపితే చాలు, రెండోది అదే దారిలో నడిచి అదే చోటికి వస్తుంది. 2009లో వీఎంవేర్ వాళ్ల వీస్ఫియర్ 4తో వచ్చింది ఈ రకమే. ఆ పత్రం ప్రకారం నిజమైన అప్లికేషన్ల వేగం పది శాతం లోపే తగ్గింది. రెండు మెషిన్ల మధ్య వెళ్లే ఈ రాత, అంటే లాగ్, పరీక్షించిన నిజమైన అప్లికేషన్లకు సెకనుకు 20 మెగాబిట్లు దాటలేదు. నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. ఒక పూర్తి కంప్యూటర్ ప్రాణాన్ని 20 మెగాబిట్ల సన్నటి దారం మీద రెండో చోటికి చేరవేశారు.

అదే పత్రంలో ఇంకో పట్టిక ఉంది. దాని దగ్గర ఎక్కువమంది ఆగరు. వచ్చే డేటాను వీలైనంత వేగంగా స్వీకరించే పరీక్ష అది. ఫాల్ట్ టాలరెన్స్ లేనప్పుడు సెకనుకు 940 మెగాబిట్లు. ఉన్నప్పుడు, లాగ్ లైను 1 గిగాబిట్‌దైతే, 604. పంపే వైపు మాత్రం 940 నుంచి 855కే తగ్గింది. బయటినుంచి వచ్చిన ప్రతి అక్షరాన్నీ రెండో మెషిన్‌కు కూడా వినిపించాలి కనుక వినేవాడికి భారం ఎక్కువ, చెప్పేవాడికి తక్కువ. లాగ్ లైనును 10 గిగాబిట్‌కు మారిస్తే ఆ 604 కాస్తా 860కి పెరిగింది. సర్వరు ఎంత పని చేస్తుందన్నదే కాదు, ఎలాంటి పని చేస్తుందన్నది ఖర్చును నిర్ణయిస్తుందని నాకు మొదట నేర్పింది ఈ చిన్న పట్టికే.

ఈ పద్ధతికి ఒక గోడ అడ్డు వచ్చింది: మెషిన్‌కు ఒకే కోరు, అంటే ప్రాసెసర్‌లో లెక్క చేసే భాగం ఒక్కటే ఉండాలి. రెండు కోర్లు ఒకే మెమరీని తాకుతుంటే ఏది ముందు తాకిందన్నది ప్రతిసారీ మారుతుంది. ఆ వరుసంతా రాసి పంపాలంటే అసలు పని కంటే రాత పనే ఎక్కువవుతుంది. అందుకే 2015లో వీస్ఫియర్ 6.0 నాలుగు కోర్ల వరకు అనుమతించినప్పుడు పద్ధతినే మార్చారు. 2018లో 6.7తో అది ఎనిమిది కోర్లకు పెరిగింది. ఈ రెండో పద్ధతి చెక్‌పాయింట్. మెషిన్‌ను కొద్దిసేపు నడవనిచ్చి, క్షణకాలం ఆపి, ఈ మధ్యలో మారిన మెమరీ పేజీలను (మెమరీలోని చిన్న చిన్న ముక్కలను) మాత్రం రెండో పెట్టెకు పంపి, మళ్లీ నడిపించడం.

చెక్‌పాయింట్ ఆలోచనను బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు 2008లోనే జెన్ అనే హైపర్‌వైజర్ (వర్చువల్ మెషిన్లను నడిపే సాఫ్ట్‌వేర్) మీద చేసి చూపించారు. దాని పేరు రీమస్. సెకనుకు 40 సార్లు, అంటే 25 మిల్లీసెకన్లకు ఒకసారి, మెషిన్ స్థితినంతా భద్రం చేయగలిగారు. ఎంత ఖర్చవుతుందో దాచకుండా రాశారు: లినక్స్ కెర్నల్‌ను కంపైల్ చేసే బరువైన పనికి సెకనుకు 10 చెక్‌పాయింట్లయితే 31 శాతం, 40 అయితే 103 శాతం అదనపు సమయం. మరి పది దగ్గరే ఆగవచ్చు కదా అనిపిస్తుంది. ఆగితే బయటికి వెళ్లే ప్యాకెట్ ఒక్కోటి గడప దగ్గర వంద మిల్లీసెకన్ల దాకా నిలబడాలి. చెక్‌పాయింట్లు దగ్గర దగ్గరగా ఉంటే ప్రాసెసర్ చెల్లిస్తుంది, దూరంగా ఉంటే కౌంటరు చెల్లిస్తుంది.

మా దగ్గరున్నది చెక్‌పాయింట్ పద్ధతిలో నడిచేదే.

ఆ మంగళవారం మధ్యాహ్నం రద్దీ తగ్గాక అక్క కంప్యూటర్ మీద ప్యాకెట్లు పట్టాను. ఆమె బటన్ ఒకసారి నొక్కితే ప్రోగ్రాము డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలు దాదాపు 260. పరీక్ష ధర ఎంత, ఒక ప్రశ్న. రోగి కార్డుకు రాయితీ ఉందా, ఇంకో ప్రశ్న. ఏ రంగు మూత, ఏ విభాగం, పరగడుపున రావాలా, ఎన్ని మిల్లీలీటర్లు. పన్నెండు పరీక్షల ప్యాకేజీ ఎంచుకుంటే ఇదంతా పన్నెండు సార్లు, మధ్యలో ప్యాకేజీలోని ఉపపరీక్షలకు మళ్లీ. ఒక జవాబు వచ్చాకే తర్వాతి ప్రశ్న. పాతకాలపు ప్రోగ్రాము, రాసినవాళ్లను తప్పు పట్టను, సర్వరు పక్కగదిలో ఉండి అర మిల్లీసెకనులో పలికితే ఎవరైనా అలాగే రాస్తారు. 260 ప్రశ్నలు, ఒక్కోటి అర మిల్లీసెకను: 130 మిల్లీసెకన్లు. కంటికి ఆనదు.

ఇప్పుడు ఒక్కో జవాబూ చెక్‌పాయింట్ కోసం గడప దగ్గర ఆగుతోంది. సగటున 9 మిల్లీసెకన్లు. తొమ్మిది మిల్లీసెకన్లంటే విడిగా చూస్తే లెక్కలోకి రాదు. 260తో గుణిస్తే 2.34 సెకన్లు. నమోదుకు ఒక తెర, బిల్లుకు ఒకటి, స్టిక్కరుకు ఒకటి. మూడూ ఇంచుమించు ఇలాంటివే. రోగికి ఏడు సెకన్లు. ఉదయం ఒక కౌంటరు దగ్గరికి వచ్చే 120 మందికి కలిపితే 14 నిమిషాలు. క్యూ చివర నిలబడ్డ మనిషి ఆకలితో అదనంగా నిలబడే సమయం అది. నేను ఆదివారం రాత్రి ఒక చిన్న పెట్టెలో టిక్కు పెట్టి ఆ సమయాన్ని వాళ్ల మీద వేశాను.

ప్రాసెసర్ వాడకం ఎందుకు తగ్గిందో కూడా అప్పుడు తెలిసింది. సర్వరుకు పని తగ్గలేదు, వరసగా పని అందడం తగ్గింది. తన జవాబు గడప దాటి, కౌంటరుకు చేరి, తర్వాతి ప్రశ్న వచ్చేదాకా అది ఖాళీగా కూర్చుంటోంది. ఆ ఖాళీనే నేను సోమవారమంతా చూసి మురిసిపోయాను.

ఆ రాత్రే ఫాల్ట్ టాలరెన్స్ తీసేశాను. మర్నాడు ఉదయం అక్క ఫోను చేయలేదు.

కానీ అది తీసేసి ఊరుకోవడానికి వీల్లేదు. అంతకుముందు మే నెలలో, మిట్టమధ్యాహ్నం, ఒక పెట్టె మదర్‌బోర్డు పోయింది. మెషిన్ రెండో పెట్టె మీద తనంతట తానే మళ్లీ మొదలైంది, అంతవరకు బాగానే ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్ లేవడం, డేటాబేస్ తన లాగ్ చదువుకుని కుదుటపడటం అన్నీ కలిపి పదకొండు నిమిషాలు పట్టింది. అంతకన్నా కష్టమైనది తర్వాత తెలిసింది. బయోకెమిస్ట్రీ యంత్రం ఫలితాలను పంపే కనెక్షన్ మధ్యలో తెగిపోయి, కొన్ని ఫలితాలు యంత్రంలోనే ఉండిపోయాయి. ఏవి వచ్చాయో, ఏవి రాలేదో టెక్నీషియన్ ఒక్కొక్క శాంపిల్ నంబరూ సరిచూసి చేత్తో తిరిగి పంపాడు. సాయంత్రం నాలుగింటికి ఇవ్వాల్సిన రిపోర్టులు రాత్రి ఎనిమిదింటికి వెళ్లాయి. డయాలసిస్‌కు ముందు చూసుకోవాల్సిన పొటాషియం రిపోర్టులు కూడా అందులో ఉన్నాయి. ఆ రోజును నేను మరచిపోలేను. ఫాల్ట్ టాలరెన్స్ కావాలని పట్టుబట్టింది నేనే.

తాతయ్య నియమంలోనే పరిష్కారం కూడా ఉంది. రశీదు గడప దాటేటప్పుడే ఆగాలి. కొట్టు లోపల తిరిగే కాగితాలకు ఆ నియమం లేదు. ఒకే వర్చువల్ మెషిన్ లోపల రెండు ప్రోగ్రాములు ఎన్ని మాటలు మాట్లాడుకున్నా ఏదీ చెక్‌పాయింట్ కోసం ఎదురుచూడదు, ఎందుకంటే ఏదీ బయటికి పోవడం లేదు. కాబట్టి ఆ 260 ప్రశ్నలనూ కౌంటరునుంచి కాక డేటాబేస్ లోపలే అడుక్కునేలా, ఒక ప్రొసీజర్‌గా మార్చమని సాఫ్ట్‌వేర్ చేసిచ్చినవాళ్లను కోరాను. ఒప్పించడానికి నా ప్యాకెట్ల పట్టిక చాలింది. ఆరు వారాలు పట్టింది. 260 నాలుగుకు దిగింది. నాలుగు తొమ్ములు ముప్పై ఆరు మిల్లీసెకన్లు. ఫాల్ట్ టాలరెన్స్ మళ్లీ ఆన్ చేశాను. అది ఉన్నా, మొదట లేనప్పటికంటే స్టిక్కరు వేగంగా వచ్చింది. ఆ ఉదయం కౌంటరు దగ్గర నిలబడి చాలాసేపు చూశాను.

అంతటితో కథ ముగియలేదు. డేటాబేస్‌లో రాత్రి రెండింటికి ఇండెక్సులు (త్వరగా వెతకడానికి వాడే సూచికలు) తిరగరాసే పని ఒకటుంది. అప్పుడు మెమరీ పేజీలు కుప్పలుగా మారతాయి, మారిన ప్రతిదీ అవతలికి వెళ్లాలి. నలభై నిమిషాల పని గంటన్నర దాటసాగింది. రాత్రి కనుక ఎవరికీ ఇబ్బంది లేదని సర్దుకున్నాను.

తర్వాత ఒక శనివారం డేటాబేస్ లాగ్ డిస్కు నిండిపోయి మొత్తం నిలిచిపోయింది. రెండో మెషిన్ ఏం చేసింది? అదీ నిలిచిపోయింది. దాని తప్పు లేదు. మొదటిది నిండితే తానూ నిండాలి, మొదటిది ఆగితే తానూ ఆగాలి. దాని ధర్మమే అది. గుమస్తా తాతయ్య చిట్టాలోని ప్రతి అంకెనూ నమ్మకంగా ఎక్కిస్తాడు, కూడికలో తప్పుతో సహా. టాండెమ్ అనే కంప్యూటర్ కంపెనీ యంత్రాల వైఫల్యాలను అక్కడే పనిచేసిన జిమ్ గ్రే 1985లోనే లెక్కగట్టాడు: నిర్వహణలో జరిగిన పొరపాట్లు 42 శాతం, సాఫ్ట్‌వేర్ 25 శాతం, హార్డ్‌వేర్ 18 శాతం. హార్డ్‌వేర్ చావును తట్టుకోవడానికే పుట్టిన యంత్రాల మీద వచ్చిన అంకెలు ఇవి. ఫాల్ట్ టాలరెన్స్ కాపాడేది ఆ పద్దెనిమిది శాతం వైపు. డిస్కు నిండటం నా నిర్వహణ లోపం, నలభై రెండు శాతం వైపు.

అప్పుడు మళ్లీ మొదటినుంచి ఆలోచించాను. డేటాబేస్‌కు తన సొంత ప్రతిరూపం ఉంచుకునే ఏర్పాటు ముందే ఉంది. పూర్తయిన లావాదేవీల లాగ్‌ను రెండో డేటాబేస్‌కు పంపుతుంది. మెమరీలో మారిన ప్రతి పేజీ కాదు, పద్దు మాత్రమే. రెండోది వేరే మెషిన్, వేరే డిస్కు. మొదటిది నిండితే అదీ నిండాలన్న నియమం లేదు. అటు మారడానికి అర నిమిషం పడుతుంది, కౌంటరులో ఒకసారి తిరిగి లాగిన్ కావాలి. ఆ అర నిమిషం ఎప్పుడో ఏడాదికి ఒకసారి. దాన్ని ఒప్పుకున్నాను. డేటాబేస్‌కు ఫాల్ట్ టాలరెన్స్ తీసేశాను.

యంత్రాలనుంచి ఫలితాలు అందుకునే చిన్న మెషిన్‌కు మాత్రం ఉంచాను. రెండు కోర్లు, 4 జీబీ మెమరీ. దాని ప్రాణమంతా తెరిచి ఉన్న కనెక్షన్లలో, ఇంకా డేటాబేస్‌కు చేరని నాలుగైదు ఫలితాల్లో ఉంది. తెగితే మే నెల మధ్యాహ్నమే మళ్లీ. బయోకెమిస్ట్రీ యంత్రం కొన్ని సెకన్లకు ఒక ఫలితం పంపుతుంది. అందినట్టు జవాబు 9 మిల్లీసెకన్లు ఆలస్యమైనా దానికి పట్టదు. మెమరీ కూడా పెద్దగా మారదు కనుక లైను మీద భారం లేదు. ఇదే ఏర్పాటు ఒక చోట రోగికి ఏడు సెకన్లు తిన్నది, ఇక్కడ ఏమీ తినకుండా కాపలా కాస్తోంది.

మూడు నెలలకోసారి, ఆదివారం రాత్రి, యంత్రం కంట్రోల్ శాంపిల్స్ (విలువ ముందే తెలిసిన నమూనాలు) నడుపుతుండగా ఒక పెట్టె కరెంటు తీగ లాగేస్తాను. మొదటిసారి లాగినప్పుడు చేయి వణికింది. టెక్నీషియన్ యంత్రం తెర చూస్తూ “సోడియం వచ్చింది, పొటాషియం వచ్చింది, క్లోరైడ్ వచ్చింది” అని చదువుతున్నాడు. నేను అవతలి గదినుంచి “లాగేశాను” అని కేక వేశాను. “ఎప్పుడు?” అన్నాడు.

కౌంటరు కంప్యూటర్లలో ఇప్పుడు ఒక చిన్న లెక్క నడుస్తోంది. బటన్ నొక్కిన క్షణంనుంచి స్టిక్కరు ప్రింటరుకు వెళ్లిన క్షణం వరకు ఎంత పట్టిందో తెర మూలన చూపిస్తుంది. సర్వర్లలో ఏదైనా మార్చిన మర్నాడు గ్రాఫులు తెరవకముందే రెండో కౌంటరు అక్కకు ఫోను చేస్తాను. ఈ వారం స్విచ్ మార్చాక కూడా చేశాను.

“ఎంత ఉంది అక్కా?”

“సున్నా పాయింట్ రెండు మేడమ్. ఉండండి, ఇంకొకరిది కూడా చూసి చెబుతాను.”